రెండు పెసోలకు ఒక కాపీ

ఆసుపత్రి గేటుకు ఎదురుగా
నాది జిరాక్స్ కొట్టు.
గొడుగు కింద ఒక మిషను, ఒక స్టేప్లరు,
వానొస్తే కప్పడానికి నీలం పట్టా.
మనీలాలో తెల్లవారిందని
నాకు కోడి చెప్పదు.
మూడింటికే మొదలయ్యే దగ్గులు చెబుతాయి,
గోడవారగా అట్టముక్కల మీద
వరస కట్టిన మనుషుల దగ్గులు.

డాక్టర్ని కాను.
పదకొండేళ్లుగా కాగితం చూసి మనిషిని చదువుతున్నాను.
తెల్లకణాల అంకె చుట్టూ ఎర్రసిరా గీత ఉంటే
ఆ కాగితం తెచ్చిన చెయ్యి
చిల్లర లెక్కలో తప్పుతుంది.
నాకు లాభమొచ్చే తప్పయితే దిద్దుతాను.
రానిదైతే వదిలేస్తాను.

ఎర్లిందా మొదటిసారి వచ్చి
"అన్నీ మూడేసి" అంది.
ఏడేసి తీయించుకో అన్నాను.
ఒక్కో ఆఫీసూ ఒక్కో సెట్టు మింగుతుంది తల్లీ,
మింగి, రేపు రమ్మంటుంది.
డాక్టరు చీటీ, మందుల ధరల పట్టీ,
నిరుపేదలే అని బరంగాయ్ పెద్ద ఇచ్చిన పత్రం.
లేమికి కూడా సంతకం కావాలి, ముద్ర కావాలి.
ముద్ర అలుక్కుపోతే
ఆ పూటకి నువ్వు పేద కాదు.

డబ్బు చేతికివ్వరు, ఉత్తరం ఇస్తారు:
ఇంత మేరకు మేం కడతాం అని.
ఒక సెనేటరు ఆఫీసు పదివేలు,
లాటరీ ఆఫీసు పదిహేను,
నగర భవనం ఐదు, అదీ నిధులుంటే.
పాతగుడ్డల పీలికలతో బొంత కుట్టినట్టు
ఆమె ఒక్క కీమో కుట్టుకొస్తుంది.
కప్పీ కప్పకముందే
ఇంకో కీమో తారీఖు.

మొగుడు దోమెంగ్ తన ట్రైసికిల్ అమ్మేశాడు.
కొన్నవాడి దగ్గరే దాన్ని
రోజు అద్దెకు నడుపుతున్నాడు.
"బండికి తెలీదులే" అని నవ్వాడొకసారి.
నేను నవ్వలేదు. స్టేప్లరులో పిన్నులు నింపుకున్నాను.

కూతురు మైలెన్. తొమ్మిదేళ్లు.
ఉక్కపోతలోనూ ఊలు టోపీ.
మందు ఎక్కిన మర్నాడు వేళ్లు మంచయిపోతాయట.
నా మిషను ట్రేలో చేతులు పెట్టి
వేడి వేడి కాపీల కోసం కాచుకుంటుంది.
"అమ్మా, అప్పుడే దింపిన బన్నులా ఉంది."
అది తన రక్తం రిపోర్టే.

జూలైలో, తుపాను వెళ్లిన మర్నాడు
ఎర్లిందాకి దొరికిన వరస చీటీ రెండువందల పన్నెండు.
లోపలికి పిలిచేది నూటయాభై దాకానే.
తెరెసిటా వచ్చింది అప్పుడే,
చేతిలో పద్నాలుగో నంబరు,
మొగుడు అన్సెల్మో పేరిట మంజూరైన ముప్పైవేల ఉత్తరం,
ఆ పైన ఇంకో కాగితం.
"దీనికి ఒక్క కాపీ చాలు."
నేనడగలేదు. తనే చెప్పింది:
"ఇది ఆయనకి అందలేదు.
రద్దు చేయిస్తే ఇంకొకరికన్నా వెళ్తుంది.
నా సంచిలో కూర్చుని ఏం చేస్తుంది?"

కాపీ ట్రేలోకి జారింది.
మైలెన్ చేతులు అక్కడే ఉన్నాయి.
గబుక్కున ఆ కాగితాన్ని బోర్లా తిప్పాను.
వెచ్చదనం రెండు వైపులా ఉంటుంది కదా.

ఉత్తరం మీద పేరుంటుంది, మార్చడానికి లేదు.
వరస చీటీ మీద ఉండేది అంకె ఒక్కటే.
తెరెసిటా ఎర్లిందా పిడికిలి తెరిచి
పద్నాలుగు పెట్టింది,
రెండువందల పన్నెండు తీసుకుంది,
వెళ్లి తడి అట్టముక్క మీద కూర్చుంది,
ఇవాళ పిలవరని తెలిసీ.

ఆమె దగ్గర రెండు పెసోలు తీసుకున్నాను.
వద్దని ఉంటే
అక్కడే ఏడ్చేసేది.

గేటు కిర్రుమంది.
లోపల్నించి ఎవరో అంకెలు చదవడం మొదలుపెట్టారు.
ఎర్లిందా ప్లాస్టిక్ కవరు గుండెకానించుకుని పరుగెత్తింది,
మైలెన్‌ని నా దగ్గరే మరిచిపోయి.
పిల్ల అడిగింది:
"ఇంకొకటి తియ్యవా మామా,
తెల్లకాగితమైనా సరే."